జీఆర్86, బీఆర్‌జెడ్ కార్లను కిందికి దించాలంటే: స్ప్రింగుల ఎంపిక, బిగింపు, అలైన్‌మెంట్

టొయోటా జీఆర్86 గానీ, దాని తోబుట్టువు సుబారు బీఆర్‌జెడ్ గానీ ఇంటికి రాగానే చాలామంది కళ్లు టైరుకీ ఫెండరుకీ మధ్య ఉన్న ఖాళీ మీదే పడతాయి. మూడు నాలుగు వందల డాలర్లకు స్ప్రింగుల సెట్టు దొరుకుతుంది, ఒక రోజు పనితో ఆ ఖాళీ తగ్గిపోతుంది. అందుకే అందరూ అడిగేది "ఎన్ని మిల్లీమీటర్లు దిగుతుంది?" అని. అసలు అడగాల్సిన ప్రశ్న వేరు. దిగిన తర్వాత చక్రం పైకి కదలడానికి ఎంత చోటు మిగులుతుంది? స్ప్రింగు, డ్యాంపరు (షాక్ అబ్జార్బరు), బంప్ స్టాప్ (చక్రం మరీ పైకి రాకుండా ఆపే ముక్క) ఈ మూడింటి ఎంపికా దీన్నిబట్టే ఉంటుంది.

ఇక్కడి అంకెలు 2022 మోడల్‌తో మొదలైన రెండో తరం కారువి. మొదటి తరానికి పద్ధతి ఇదే, అంకెలు మారతాయి.

కంపెనీ ఏం పెట్టింది

ముందు మెక్‌ఫెర్సన్ స్ట్రట్ (డ్యాంపరే చక్రాన్ని నిలబెట్టే స్తంభంగా పనిచేసేది), వెనక డబుల్ విష్‌బోన్ (చక్రాన్ని పైనా కిందా ఆర్మ్‌లు పట్టి ఉంచేది). నాలుగు మూలలా స్ప్రింగు డ్యాంపరు చుట్టూనే ఉంటుంది. జీఆర్86లో స్ప్రింగు గట్టిదనం ముందు మిల్లీమీటరుకు 28 న్యూటన్లు, వెనక 39. బీఆర్‌జెడ్‌లో ముందు 30, వెనక 35. టొయోటా తోక తొందరగా తిప్పుతుందనీ, సుబారు కాస్త నిలకడగా ఉంటుందనీ నడిపినవాళ్లు చెప్పడానికి ఈ తేడా ఒక పెద్ద కారణం. బయటి కంపెనీలు సాధారణంగా రెండు కార్లకూ ఒకే సెట్టు అమ్ముతాయి. అది వేశాక ఆ స్వభావంలో చాలా భాగం చెరిగిపోతుంది. మీ కారులో మీకు నచ్చింది ఆ స్వభావమే అయితే, కొత్త స్ప్రింగుల ముందు వెనక నిష్పత్తి ఎంతో కనుక్కోకుండా కొనకండి.

వెనక 39 ఉంది కదా, వెనక భాగమే గట్టిది అనుకుంటే పొరపాటు. ముందు స్ట్రట్ దాదాపు చక్రంతో సమానంగా కదులుతుంది. వెనక స్ప్రింగు ఆర్మ్ మీద కాస్త లోపలికి కూర్చుంటుంది కాబట్టి చక్రం కదిలినదాంట్లో సుమారు ముప్పావు వంతే కదులుతుంది. చక్రం దగ్గర తెలిసే గట్టిదనం ఆ నిష్పత్తి వర్గం మేరకు తగ్గుతుంది. 39ని 0.75తో రెండుసార్లు గుణిస్తే దాదాపు 22 వస్తుంది. ముందు అదే లెక్క 25 దగ్గర తేలుతుంది. రెండు ఇరుసుల మీది బరువుతో చూస్తే ముందూ వెనకా రెండూ సెకనుకు ఒకటిన్నర ఊపులకు కాస్త తక్కువగా, దాదాపు సమానంగా ఊగుతాయి. కాబట్టి స్ప్రింగు డబ్బా మీది అంకెల్ని ముందుకీ వెనక్కీ నేరుగా పోల్చకూడదు. ముందు అంకెను కంపెనీ ముందు అంకెతో, వెనకదాన్ని వెనకదానితో పోల్చాలి. రెండూ ఒకే శాతం పెరిగితే కారు సమతూకం పెద్దగా మారదు.

పాతిక మిల్లీమీటర్ల ఖరీదు

ఉదాహరణకు, నిలబడి ఉన్న కారులో చక్రం పైకి 70 మి.మీ. కదలగలదు అనుకుందాం. కారును 25 మి.మీ. దించితే మిగిలేది 45. గుంత అవతలి అంచుకు చక్రం తగిలినప్పుడు మింగాల్సిన శక్తి మాత్రం తగ్గదు. స్ప్రింగు మింగే శక్తి దాని కదలిక వర్గం కొద్దీ ఉంటుంది. 70ని 45తో భాగించి వర్గం చేస్తే 2.4 వస్తుంది. అంటే అదే గుంతను అదే వేగంతో బంప్ స్టాప్ తగలకుండా దాటాలంటే స్ప్రింగు రెండున్నర రెట్లు గట్టిగా ఉండాలి. వీధి వాడకానికి అమ్మే దించే స్ప్రింగుల గట్టిదనం పెరిగేదేమో పది నుంచి ముప్పై శాతం.

మిగతా పని ఎవరు చేస్తారు? బంప్ స్టాప్. అది డ్యాంపరు కడ్డీ మీద ఉండే పాలీయురెథేన్ నురుగు ముక్క. నిజానికి అదీ ఒక స్ప్రింగే. మొదట మెత్తగా, నలిగేకొద్దీ విపరీతంగా గట్టిగా మారే స్ప్రింగు. కొద్దిగా తగిలితే తప్పులేదు, కంపెనీ కారులో కూడా మూల (మలుపు) గట్టిగా తిప్పితే తగులుతుంది. ఇబ్బందల్లా మూల మధ్యలో ఒక ఇరుసు మాత్రమే దాని మీద వాలినప్పుడు. ముందు వాలితే ముందు టైర్లు పట్టు వదిలి కారు బయటికి జారుతుంది. వెనక వాలితే, అదీ తడి రోడ్డు మీద అయితే, తోక హెచ్చరిక లేకుండా బయటికి వస్తుంది. "స్ప్రింగులు వేశాక కారు గట్టిగా, స్పోర్టీగా అయింది" అనే మాటలో సగం సందర్భాల్లో ఆ గట్టిదనం బంప్ స్టాప్‌ది.

అందుకే కంపెనీ డ్యాంపర్లు అలాగే ఉంచేవాళ్లు 20 నుంచి 25 మి.మీ. దగ్గర ఆగాలి. 30 దాటాలంటే పొట్టి డ్యాంపర్లు తప్పవు. 40 మి.మీ. దించే సెట్టును కంపెనీ డ్యాంపర్ల మీద వేయడం ఫొటోలకు పనికొస్తుంది, అంతే.

మిగిలిన చోటును కొలవడం కష్టమేమీ కాదు. కారు నేల మీద నిలబడి ఉండగా డస్ట్ బూట్‌ను (కడ్డీకి దుమ్ము తగలకుండా ఉండే తొడుగు) పైకి లాగి, బంప్ స్టాప్ కొసకీ డ్యాంపరు గొట్టం పైభాగానికీ మధ్య దూరం చూడండి. కడ్డీకి సన్నటి జిప్ టై కట్టి, గొట్టం సీల్‌ను ఆనేదాకా కిందికి జరపండి. రోజూ తిరిగే దారిలో ఒకసారి తిరిగి రండి. ప్రయాణంలో డ్యాంపరు ఎంత లోతుకు దిగిందో జిప్ టై ఆగిన చోటు చెబుతుంది. ఈ కొలత కొత్త స్ప్రింగులు కొనే ముందే, పాతవాటి మీదే తీసుకోండి. వాటి మీదే బంప్ స్టాప్ సగం నలుగుతున్న దారి అయితే, ఆ దారికి దించే స్ప్రింగులు వద్దు.

ఏది కొనాలి

ఒకే కంపెనీలోనే మెతక, గట్టి వరసలు ఉంటాయి. ఐబాక్‌లో ప్రో-కిట్ తక్కువ దించుతుంది, స్పోర్ట్‌లైన్ ఎక్కువ. టెయిన్‌లో హెచ్.టెక్ మర్యాదస్తురాలు, ఎస్.టెక్ దూకుడు. ఆర్ఎస్-ఆర్‌లో డౌన్, సూపర్ డౌన్ అని పేర్లలోనే చెప్పేస్తారు. ఈ కార్లకు ప్రతిసారీ మొదటి వరసే సరైన ఎంపిక. స్విఫ్ట్, హెచ్ అండ్ ఆర్ కూడా నమ్మకమైన పేర్లే. పేరు ఏదైనా మూడు విషయాలు అడిగి తెలుసుకోండి: ముందు వెనక గట్టిదనం, ముందు వెనక దిగే ఎత్తు, బంప్ స్టాప్ కోయాలా వద్దా. గట్టిదనం అంకె చెప్పని అమ్మకందారు దగ్గర కొనకండి.

ప్రోగ్రెసివ్ స్ప్రింగు అంటే కొన్ని చుట్లు దగ్గరగా, కొన్ని దూరంగా ఉన్నది. బరువు పెరిగేకొద్దీ దగ్గర చుట్లు ఒకదానిమీద ఒకటి కూర్చుని స్ప్రింగు గట్టిపడుతుంది. వీధిలో మెత్తగా ఉంటుంది. కానీ మూలలో గట్టిదనం మారుతూ ఉంటుంది కాబట్టి, ట్రాక్ మీద కారు ఏం చేయబోతోందో పసిగట్టడం కష్టం. ఏడాదికి రెండుమూడు సార్లైనా ట్రాక్‌కు వెళ్లేవాళ్లు గట్టిదనం మారని లీనియర్ స్ప్రింగుల వైపే చూడాలి.

డ్యాంపర్ల సంగతికొస్తే, బిల్‌స్టైన్ పేర్లలో జనం తరచూ తికమకపడతారు. బీ6 కంపెనీ పొడవులో ఉండే గట్టి డ్యాంపరు. దించిన కార్ల కోసం కడ్డీ పొడవు తగ్గించి చేసింది బీ8. బీ8నూ ఐబాక్ స్ప్రింగులనూ జతచేసి అమ్మే పెట్టె పేరు బీ12. దించే స్ప్రింగుల కింద బీ6 వేస్తే డ్యాంపరు ఎప్పుడూ కడ్డీ లోపలికి దిగిన స్థితిలోనే పనిచేస్తుంది, బంప్ స్టాప్ సమస్య అలాగే ఉంటుంది. మీ కారుకు ఏ రకం వస్తుందో పార్ట్ నంబరుతో సరిచూసుకోండి. పర్ఫార్మెన్స్ ప్యాకేజీ కింద శాక్స్ డ్యాంపర్లతో వచ్చిన జీఆర్86 అయితే వాటిని పీకి పారేయడానికి తొందరపడొద్దు, ఓ మోస్తరు స్ప్రింగులతో అవి బాగా పోతాయి.

కాయిలోవర్లలో (ఎత్తు మార్చుకునేలా స్ప్రింగూ డ్యాంపరూ కలిపి అమ్మే సెట్లు) చూడాల్సింది ఒకటే. ఎత్తు మార్చేది స్ప్రింగు కింది పళ్లెం తిప్పా, డ్యాంపరు గొట్టం పొడవు మార్చా? గొట్టం పొడవు మార్చేవాటిలో కారును దించినా డ్యాంపరు లోపలి కదలిక అంతే మిగులుతుంది. అయితే అప్పుడు టైరు ఫెండరు లోపలికి ముందే తగలొచ్చు, అది వేరే లెక్క. ఓలిన్స్ రోడ్ అండ్ ట్రాక్, కేడబ్ల్యూ వీ3 ఖరీదైనవే, కానీ ఆ డబ్బుకు పనితనం ఉంది. వెయ్యి డాలర్ల లోపు 32 క్లిక్కుల కాయిలోవర్ల కన్నా మంచి స్ప్రింగులు, కంపెనీ డ్యాంపర్లే నయం. ఆ చవక రకాల్లో మొదటి పదీ పన్నెండు క్లిక్కుల్లో మార్పే తెలియనివి చాలా ఉన్నాయి.

ఇక కట్ స్ప్రింగులు. హైదరాబాద్ గ్యారేజీల్లో ఇప్పటికీ అడిగితే గ్రైండర్ తీసేవాళ్లున్నారు కాబట్టి చెప్పాలి. ఆరు పనిచేసే చుట్లలో ఒకటి కోస్తే గట్టిదనం 20 శాతం పెరుగుతుంది, అంతవరకు లెక్క బాగానే ఉంది. కానీ కోసిన కొస పళ్లెంలో సరిగా కూర్చోదు. చక్రం పూర్తిగా కిందికి వేలాడినప్పుడు స్ప్రింగు వదులై పక్కకు జరుగుతుంది, తిరిగి బరువు పడగానే పెద్ద చప్పుడుతో ఎక్కడో ఇరుక్కుంటుంది. గ్యాస్ కట్టర్‌తో కాల్చి దించడం మరీ ఘోరం. ఆ వేడికి ఉక్కు పదును పోతుంది, తర్వాత విరిగే చోటు అదే.

దించితే చక్రాల కోణం ఏమవుతుంది

ఈ కారులో అందరూ మరిచిపోయేది ఇదే. 25 మి.మీ. దిగితే వెనక క్యాంబర్ (చక్రం నిలువు నుంచి వాలే కోణం, పైభాగం లోపలికి వాలితే మైనస్) సుమారు మైనస్ 1.2 డిగ్రీల నుంచి మైనస్ 2 దగ్గరికి వెళ్తుంది. ముందు స్ట్రట్ కాబట్టి క్యాంబర్ పెద్దగా పెరగదు, సున్నా దగ్గర్నుంచి మైనస్ అర డిగ్రీ వస్తే గొప్ప. ఫలితం, వెనక పట్టు పెరిగి ముందు పెరగదు. స్ప్రింగులకు ముందు చక్కగా మూల తిరిగిన కారు తర్వాత మొండికేస్తుంది.

దానికి తేలికైన మందు ముందు క్యాంబర్ బోల్టులు. స్ట్రట్‌నూ నకిల్‌నూ (చక్రం హబ్‌ను పట్టుకునే ముక్క) కలిపే రెండు బోల్టుల్లో ఒకదాని బదులు, మధ్యలో సన్నగా, పక్కకు ఉబ్బుగా ఉండే బోల్టు వేస్తారు. వీధికి ముందు మైనస్ 1.5 నుంచి మైనస్ 2 వరకు పెట్టండి, వెనక మైనస్ 2 దాకా వచ్చింది వచ్చినట్టు ఉంచండి. వెనక క్యాంబర్‌కు కంపెనీ సర్దుబాటు ఇవ్వలేదు. మైనస్ 2 దాటి ఇబ్బంది అనిపిస్తే సర్దుబాటు చేసుకోగల లోయర్ ఆర్మ్‌లు కొనాలి. టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉన్న కోణం) ముందు సున్నా, వెనక మొత్తం కలిపి 0.1 నుంచి 0.2 డిగ్రీలు లోపలికి. టైరు లోపలి అంచు అరిగిపోతే జనం క్యాంబర్‌ను తిడతారు. నిజానికి నెలల్లో టైరు తినేసేది టోనే, క్యాంబర్ ఒక్కటే ఉంటే అరుగుదల నిదానం.

మరీ దించితే ముందు లోయర్ ఆర్మ్ బయటి కొస లోపలి కొస కన్నా పైకి పోతుంది. అప్పుడు రోల్ సెంటర్ (మూలలో కారు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) కారు బరువు కేంద్రం కన్నా వేగంగా కిందికి జారుతుంది. కారు ఎత్తు తగ్గినా ఒరగడం తగ్గదు, ఒక్కోసారి పెరుగుతుంది. టై రాడ్ (స్టీరింగును చక్రానికి కలిపే కడ్డీ) కోణం కూడా మారి గుంతల్లో స్టీరింగు తనంతట తాను లాగుతుంది. పొడవాటి బాల్ జాయింట్లు దీనికి పరిష్కారం, కానీ 25 మి.మీ. దగ్గర ఆగినవాళ్లకు ఆ ఖర్చు అక్కర్లేదు.

బిగించే పద్ధతి

మొదట నాలుగు చక్రాల దగ్గరా హబ్ మధ్య నుంచి ఫెండరు అంచు దాకా కొలిచి రాసుకోండి. నేల నుంచి కొలవొద్దు, టైరు గాలిని బట్టి మారుతుంది. ముందు రోజు రాత్రి బోల్టులకు తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచండి.

ముందు స్ట్రట్: కారు నేల మీద ఉండగానే చక్రం నట్లు వదులు చేయండి. సర్వీస్ మాన్యువల్ చూపిన చోట జాకీ పెట్టి, స్టాండ్ల మీద దించండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కింద చేతులు పెట్టొద్దు. బ్రేక్ గొట్టం, ఏబీఎస్ తీగ బ్రాకెట్లు స్ట్రట్ నుంచి విప్పండి. యాంటీ రోల్ బార్ (కారు ఒరగడాన్ని తగ్గించే కడ్డీ) ఎండ్ లింక్ నట్టు తిప్పితే బాల్ కూడా తిరుగుతుంది. దాన్ని పట్టి ఉంచి పానతో తిప్పాలి. నకిల్ బోల్టులు తీసేముందు వాటి స్థానం పెయింటుతో గుర్తు పెట్టుకోండి. తీశాక నకిల్ బయటికి వాలిపోయి బ్రేక్ గొట్టం మీద వేలాడకుండా తాడుతో కట్టండి. చివరగా బానెట్ కింద టాప్ మౌంట్ (స్ట్రట్ పై కొస బాడీకి బిగిసే చోటు) చుట్టూ ఉన్న నట్లు. మధ్యలో ఉన్న పెద్ద నట్టును మాత్రం ఇప్పుడు ముట్టుకోవద్దు. స్ప్రింగు మొత్తం బలాన్ని ఆపి ఉంచేది అదే.

స్ట్రట్ బయటికి వచ్చాక స్ప్రింగు కంప్రెసర్లు రెండు ఎదురెదురుగా తగిలించి, ఒక్కోదాన్నీ కొద్దికొద్దిగా, మార్చి మార్చి బిగించండి. పళ్లెం మీద స్ప్రింగు వదులుగా కదిలాకే మధ్య నట్టు విప్పాలి. స్ప్రింగు వరసలో మొహం పెట్టొద్దు. ఇంపాక్ట్ గన్‌తో మధ్య నట్టు తిప్పితే కడ్డీ కూడా గిర్రున తిరిగి సీల్ పోతుంది. కొత్త డ్యాంపరు నెలలోనే నూనె కారిందంటే ముందు అనుమానించాల్సింది ఇదే.

టాప్ మౌంట్, బేరింగ్, పై పళ్లెం ఏ వరసలో, ఏ దిశలో ఉన్నాయో ఫొటో తీసుకుని అలాగే కొత్త స్ప్రింగు మీదికి మార్చండి. స్ప్రింగు మీది అక్షరాలు నిటారుగా కనబడాలి. కింది కొస పళ్లెంలోని మెట్టును దాదాపు తాకాలి. బంప్ స్టాప్ కోయమని కంపెనీ కాగితంలో ఉంటే చెప్పినంతే, చెప్పిన వైపే పదునైన కత్తితో కోయండి. కోయమని లేకపోతే కోయొద్దు. చోటు పెంచుదామని ఇష్టానుసారం కోసేస్తే చివరికి తగిలేది ఇనుముకి ఇనుము.

వెనక పని తేలిక. డిక్కీ పక్క లైనింగ్ తీస్తే పై నట్లు కనబడతాయి, కింద ఒక బోల్టు.

ఇప్పుడు ఎక్కువమంది వదిలేసే పని. సస్పెన్షన్ ఆర్మ్‌ల లోపలి కొసల్లో రబ్బరు బుష్‌లుంటాయి. వాటి రబ్బరు లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ అంటుకుని ఉంటుంది. బోల్టు ఏ ఎత్తులో బిగిస్తే బుష్‌కు అదే సున్నా స్థానం. స్ట్రట్ మార్చేటప్పుడు ఈ బోల్టుల్ని ముట్టుకోనక్కర్లేదు కాబట్టి అవి పాత ఎత్తులోనే బిగిసి ఉంటాయి, దించిన కారులో రబ్బరు ఎప్పుడూ మెలితిరిగి ఉంటుంది. కారు ఒక వైపు ఎత్తుగా నిలబడటం, బుష్‌లు రెండేళ్లకే చిరగడం దీని ఫలితాలే. అందుకని ముందూ వెనకా ఆర్మ్ బోల్టులు వదులు చేసి, కారును ర్యాంపుల మీద నాలుగు చక్రాలపై నిలిపి, ఆ బరువు మీదే మాన్యువల్ చెప్పిన టార్క్‌కు (బిగింపు బలం) బిగించండి. వెనక టో సర్దే ఎక్సెంట్రిక్ బోల్టును వదులు చేసే ముందు దాని స్థానం గుర్తు పెట్టాలి. చక్రం నట్లకు టార్క్ 120 న్యూటన్ మీటర్లు.

బిగించాక

అదే రోజు టో ఒకసారి సరిచేయించండి, లేకపోతే అలైన్‌మెంట్ షాపుకు వెళ్లే లోపే టైరు అరుగుతుంది. రెండుమూడు వందల కిలోమీటర్లు తిరిగాక స్ప్రింగులు ఇంకో కొన్ని మిల్లీమీటర్లు కూర్చుంటాయి. అసలు అలైన్‌మెంట్ అప్పుడు. చక్రం నట్లు, ఎండ్ లింకులు కూడా అప్పుడు మళ్లీ టార్క్ చూడండి. హెడ్‌లైట్ల ఎత్తు సరిచూసుకోండి. ఐసైట్ కెమెరాలున్న కారు అయితే సస్పెన్షన్ మార్చవద్దని కంపెనీ మాన్యువల్ హెచ్చరిస్తుంది. అడ్డంకిని గుర్తించి బ్రేకు వేసే వ్యవస్థ అది, తేలిగ్గా తీసుకోవద్దు.

చప్పుళ్లను బట్టి తప్పు తెలుస్తుంది. చిన్న గుంతలో టక్కుమంటే ఎండ్ లింక్ లేదా టాప్ మౌంట్ నట్టు వదులు. నిలబడి స్టీరింగు తిప్పితే టింగుమని తీగ మీటినట్టు వినిపిస్తే బేరింగ్ తిరగబడింది, లేదా స్ప్రింగు కొస మెట్టులో లేదు. పెద్ద గుంతలో దబ్బుమంటే బంప్ స్టాప్. గుంత దాటాక రెండుమూడు సార్లు ఊగితే డ్యాంపరు ఆ స్ప్రింగును ఆపలేకపోతోంది. ఏబీఎస్ దీపం వెలిగితే తీగ ఎక్కడో లాగబడింది.

ఎక్కడ నడుపుతారు

అమెరికాలో రాష్ట్రాన్ని బట్టి నిబంధన మారుతుంది. కాలిఫోర్నియాలో చక్రం రిమ్ము అడుగు అంచు కన్నా కిందికి, చక్రాలు తప్ప కారులో ఏ భాగమూ ఉండకూడదు, 25 మి.మీ. దించితే ఆ బాధ లేదు. జర్మనీలో ఉన్న మనవాళ్లు టైల్‌గూటాఖ్టెన్ పత్రం (ఆ భాగాన్ని పరీక్షించి ఇచ్చే నివేదిక) వచ్చే స్ప్రింగులే కొని, బిగించగానే తనిఖీ చేయించి పత్రాల్లో ఎక్కించుకోవాలి. లేకపోతే కారుకు రోడ్డు మీద తిరిగే అనుమతే పోవచ్చు. ఐబాక్, హెచ్ అండ్ ఆర్ రెండూ జర్మన్ కంపెనీలే కాబట్టి అక్కడ ఆ పత్రాలు దొరకడం కష్టం కాదు.

జీఆర్86 భారతదేశంలో అధికారికంగా అమ్మలేదు. కానీ మస్టాంగ్ లాంటి కార్లు దించాలనుకునే హైదరాబాద్, విజయవాడ వాళ్లకూ ఇదే లెక్క వర్తిస్తుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988 నాటి ప్రమాణం స్పీడ్ బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలని చెప్పింది. జీఆర్86 నేల ఖాళీ దాదాపు 130 మి.మీ., 25 దిగితే 105. చక్రాల మధ్య దూరం 2,575 మి.మీ. కాబట్టి అంత వెడల్పాటి బ్రేకరు మధ్యకు వచ్చేసరికి నాలుగు చక్రాలూ దాని మీదే ఉంటాయి, పొట్ట కింద ఖాళీలో ఖర్చయ్యేది 50 మి.మీ. లోపే. తేలిగ్గా దాటుతుంది. కాలనీవాళ్లు సిమెంటుతో కట్టుకున్న అడుగు వెడల్పు దిమ్మె సంగతి వేరు. అది పొట్ట కిందికి వచ్చేసరికి చక్రాలు రెండు వైపులా నేల మీద ఉంటాయి. దాని ఎత్తు 105 మి.మీ. దాటితే ఎంత నెమ్మదిగా పోయినా రాసుకుంటుంది. కారును ఏటవాలుగా, ఒక్కో చక్రం ఎక్కేలా తీసుకెళ్తే కొంత ఖాళీ దొరుకుతుంది. అందుకే దించే ముందు టేపు పట్టుకుని ఇంటి నుంచి మెయిన్ రోడ్డు దాకా ఉన్న దిమ్మెల ఎత్తు కొలవండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని అడ్డుకుంటుంది. ఇన్సూరెన్స్ కంపెనీకి ముందే రాతపూర్వకంగా తెలియజేసి, వాళ్ల జవాబు దగ్గర పెట్టుకోండి.